జాగ్రత్తల ఇల్లు

మేడ మెట్ల అంచులకు మా ఆయన జోయల్ అంటించిన పసుపు టేపు ఊడిపోకుండా మెట్లు కడగడం ఇప్పుడు నాకు కొత్తగా చేరిన పని. జోయల్ ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో సేఫ్టీ సూపర్‌వైజరు. అక్కడ తన మాట ఎవరూ చెవిన పెట్టరు కాబోలు, చెప్పాల్సినవన్నీ మూటగట్టుకుని ఇంటికి తెస్తాడు. మేడ మీదికి ఒంటరిగా పోవద్దు. తడి నేల మీద నడవద్దు. స్కూటీ అసలే వద్దు, తాళం తన జేబులోనే. "నీ మంచికే సెప్తాండా భారతీ" అంటాడు. తడి నేల మీద నడవకుండా ఇల్లెట్లా తుడవాలో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

పోయిన వారం ఎమ్మిగనూరులో ఆడపిల్లల హాస్టలు బడి వాళ్లు ఖోఖో నేర్పడానికి నన్ను రమ్మన్నారు. పెళ్లికి ముందు హాలహర్విలో నేను పరుగందుకుంటే పట్టుకున్నవాళ్లు లేరు. ఆ పిలుపు వచ్చినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఈరోజు చేరాలి. పొద్దున్నే తాళం అడిగితే జోయల్ మొహం మాడ్చుకున్నాడు.

"ఆ రోడ్డు మింద లారీలు సూసినావా? ఆటలో మోకాలు ఇరిగితే ఇంట్లో పని ఎవురు సేస్తారు?"

మా మామ యేసేపు వంత పాడాడు. "ఇంట్లో ఉంటే ఏ బయమూ లేదు కదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. మచ్చలు పడిన రెండు చేతులూ ఆయన ముందు చాపాను.

"సూడు మామా. ఇది బజ్జీల నూనె. ఇది కుక్కరు. ఇది నీ స్నానానికి నీళ్లు కాగబెట్టేటప్పుడు కాలింది. అన్నీ ఇంట్లోవే. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా వంటింట్లోకి పోవద్దన్నారా ఎవురన్నా?"

నా మోకాళ్ల మీద కూడా మచ్చలున్నాయి. అవి ఆటలో పడి, లేచి, గెలిచి తెచ్చుకున్నవి. స్నానం చేసేటప్పుడు వాటిని తడుముకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది. ఈ చేతుల మీది మచ్చలకు నేను గెలిచిందేమీ లేదు.

చిలక్కొయ్యకు తగిలించిన జోయల్ చొక్కా జేబులోంచి తాళం నేనే తీసుకున్నాను. హెల్మెట్ పెట్టుకుని స్కూటీ బయటికి తీశాను. జోయల్ గడప దాకా వచ్చి, ఇక వేరే సాకు దొరక్క అడిగాడు.

"ఆడ పిల్లోళ్లు పడితేనో?"

"పడతారప్పా. పడి లేసేది నేర్పడానికే పోతాండాను."