పెద్దవాడి కారు పైన

నేను ఒక కార్ల లిఫ్టుని. అపార్టుమెంట్లలో మనుషుల్ని పైకీ కిందికీ తిప్పే లిఫ్టుని కాదు. ఇంటి షెడ్డులో నాలుగు కాళ్ళ మీద నిలబడి, ఒక కారుని నెత్తిన పెట్టుకుని, దాని కింద ఇంకో కారుకి చోటిచ్చే రకాన్ని. ప్రస్తుతం కాకినాడలో ఒక పాత ఇనుము కొట్టు వెనక, విరిగిన ఫ్యాను రెక్కల పక్కన పడి ఉన్నాను. తుప్పు కంపు, కుళ్ళిన టైర్ల కంపు, వాటి మధ్య ఒక పిల్లి కాపురం. అయినా ఒట్టేసి చెబుతున్నాను, నేను కాపురమున్న ఇంటి కంటే ఇక్కడే ఊపిరి బాగా ఆడుతోంది.

నా పుట్టుక గొప్పదే. కోయంబత్తూరు దగ్గరి కార్ఖానాలో మంచి ఉక్కుతో పోతపోసినట్టు నిలబెట్టారు. రెండున్నర టన్నులు ఎత్తించి చూసి, సెబాసని వీపు తట్టి, విశాఖపట్నం షోరూముకి పంపారు. అక్కడికి వచ్చారు ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ.

అన్నగారు భీమశంకరం. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు గానీ, సంతకం పెట్టే చెయ్యి ఇంకా రిటైరవలేదు. తమ్ముడు కాశీశంకరం బ్యాంకులో ఆఫీసరు. అన్నగారి సంసారం పై వాటాలో, తమ్ముడిది కింది వాటాలో. తండ్రి కట్టిన కారు షెడ్డు మాత్రం ఒకటే. ఇంటి ముందు సందులో కారు నిలబెడితే రిక్షాలు గీసుకుపోతాయి. అందుకని షెడ్డులో ముందు ఎవరు దూరతారా అని పోటీ. భీమశంకరం సాయంత్రం ఆరింటికే కారు లోపల పెట్టేసి, ఆ తరవాత ఎంత పనున్నా బయటికి కదిలేవాడు కాదట, తీస్తే తమ్ముడు పెట్టేస్తాడని. కారు కొనుక్కున్నది తిరగడానికో, చోటు కాయడానికో ఆయనకే తెలియాలి.

షోరూములో నన్నూ నా పక్కనున్న రెండు కాళ్ళదాన్నీ చూపించారు. భీమశంకరం పుచ్చకాయ కొట్టి చూసినట్టు మా కాళ్ళు వేలితో కొట్టి చూశాడు. "రెండు కాళ్ళదేమిటయ్యా, మంచానికే నాలుగుంటాయి," అని నన్ను ఖాయం చేశాడు. ఎత్తెంత, బరువెంత, మోటారుకి కరెంటెంత, షెడ్డు కప్పు ఎంత లేపాలి అన్నీ అడిగాడు. టై కట్టుకున్న అమ్మకపు కుర్రాడు అన్నిటికీ జవాబు చెప్పి, చివర ఒక్క మాట అన్నాడు.

"సార్, పైన రోజూ తియ్యని కారు పెట్టుకోండి. పై కారు దిగాలంటే కింది కారు బయటికి వెళ్ళాలి కదండీ."

ఆ మాట గాల్లో కలిసిపోయింది.

నన్ను తెచ్చి బిగించారు. పాత నేల తవ్వించి, కొత్తగా కాంక్రీటు పోయించి, రేకుల కప్పు పైకి లేపించారు. వాస్తు చూసే ఆయన వచ్చి, నైరుతిలో బరువు మంచిదని తేల్చి కాఫీ తాగి వెళ్ళాడు. ప్రారంభం రోజున నా ఒంటి నిండా పసుపు పూశారు. తాళంచెవి పెట్టే కన్నంలో కుంకుమ కూరారు. స్విచ్చుల పెట్టె మీద అరటిపండు పెట్టి దానికి అగరొత్తులు గుచ్చారు. ఆ పండు ఎవరూ తియ్యలేదు. కుళ్ళి, కారి, చీమలు పట్టి, నాకు కంపరమెత్తేదాకా అక్కడే ఉంది. భక్తి అంటే మొదలుపెట్టడమే, శుభ్రం చెయ్యడం కాదని అప్పుడే అర్థమైంది.

కాశీ తన కారు పైన పెడతానన్నాడు. అతను వారానికి రెండుసార్లు తీస్తాడు, మిగతా రోజులు బ్యాంకు బస్సు. న్యాయమైన మాట. భీమశంకరం మొహం మాడిపోయింది.

"అంటే ఏవిట్రా? నీ కారు చక్రాలు నా కారు నెత్తి మీదా? నలుగురూ చూస్తే ఏవనుకుంటారు? పెద్దవాణ్ణి, నాది పైన ఉండాలి."

"అన్నయ్యా, పైనుంటే నీకే ఇబ్బంది..."

"నా ఇబ్బంది నేను పడతాను."

పడ్డాడు. ఆయనొక్కడే పడితే నాకింత రోత పుట్టేది కాదు. రోజూ పొద్దున్నే కూరల బజారుకి కారు కావాలి ఆయనకి. కింద తమ్ముడి కారుంటుంది. తియ్యమని అడగాలి. పెద్దవాడు చిన్నవాళ్ళని అడగడమా? అందుకని షెడ్డులోకి వచ్చి నిలబడి దగ్గేవాడు. ఖళ్ళుమని ఒకసారి, పలక్కపోతే ఇంకోసారి. కాశీ భార్య వకుళ, దోసె పెనం మీద ఉన్నా సరే, స్టవ్వు కట్టేసి చేతులు తుడుచుకుంటూ తాళంచెవితో పరిగెత్తుకొచ్చేది. కారు తీసి సందులో పెట్టి, ఈయన కారు దిగి వెళ్ళాక మళ్ళీ లోపల పెట్టేది. తిరిగొచ్చాక మళ్ళీ దగ్గు, మళ్ళీ వకుళ. ఒక్కనాడు థాంక్స్ అన్న పాపాన పోలేదు. వానాకాలంలో ఆయన చక్రాల బురద కారి తమ్ముడి కారు మీద పడేది. కింద రేకు పళ్ళేలు వేసుకోమని కంపెనీవాళ్ళు చెప్పినా అక్కర్లేదన్నాడు. ఆ బురద బొట్లు పడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఆ చూపులోని తృప్తి చూసి, నా గ్రీజే నాకు వెగటు పుట్టింది.

ఆయనకి ఒక్కతే కూతురు, హైమ. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. అక్కడే పనిచేసే ప్రభుదాసుని పెళ్ళి చేసుకుంటానంది. కులం కాదు, మతం కాదు. ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తల్లి మాణిక్యాంబ నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు కూతురి పక్షాన చేరింది. కాశీ, వకుళ మొదట్నించీ అటే. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళికి ముహూర్తం అనుకున్నారు. అది తెలిసిన రోజు భీమశంకరం అందర్నీ షెడ్డులోకి పిలిచి, నా కాలి మీద చెయ్యేసి మరీ అన్నాడు: "ఆ పెళ్ళి రోజున దీని మీంచి నా కారు దిగితే నేను భీమశంకరాన్నే కాదు."

నన్నెందుకు సాక్షిగా లాగాడో! ప్రమాణాలకి దేవుడు చాలలేదు కాబోలు.

ఆ మాట అన్న వారానికే ఆయన ఉప్పాడ వెళ్ళొచ్చాడు. ఎవరూ లేకుండా చూసి, కారు డిక్కీ తెరిచి, ఒక కవరు లోపల పెట్టాడు. మూసేముందు కవరు విప్పి, చీర అంచు వేళ్ళతో నిమిరాడు. ఉప్పాడ జరీ చీర, వంకాయ రంగు. కళ్ళు తుడుచుకుని డిక్కీ మూశాడు. నేను కారుని పైకెత్తాను. ఆ ఒక్కరోజూ ఆయన మీద నాకు మనసు మెత్తబడింది. నా తెలివితక్కువతనం.

పెళ్ళి ముందురోజు సాయంత్రం ఆయన షెడ్డులో కారు అద్దాలు తుడుస్తుంటే, ఈ గొడవతో స్నేహితురాలింటికి వెళ్ళిపోయిన హైమ ఫోన్ చేసింది. ఫోను స్పీకర్లో పెట్టి నా దిమ్మ మీద ఉంచి తుడుస్తూనే విన్నాడు.

"నాన్నా, రేపు పదకొండింటికి. నువ్వొస్తే సాక్షి సంతకం నీచేతే పెట్టించుకుంటాను. ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు. రావూ?"

"ఊఁ," అన్నాడు. ఆ ఊఁకి అర్థం ఆయనకే తెలియదు.

తెల్లారింది. పెళ్ళికొడుకు వాళ్ళు పంపిన వ్యానులో మాణిక్యాంబ, కాశీ వెళ్ళారు. వకుళ ఆగిపోయింది. ఎందుకో తెలుసా? బావగారికి వేళకి భోజనం పెట్టడానికి ఇంట్లో ఒకరుండాలట! ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్ళి మానుకుని, ఈయనకి పప్పూ చారూ కాయడానికి ఉండిపోయింది. వడ్డించుకోవడం రాని ఇంజనీరు! గోదావరి కాలవలకి గేట్లు పెట్టించిన మనిషి!

పదింటికి భీమశంకరం మెట్లు దిగాడు. జరీ అంచు పంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, సెంటు కూడానూ. షెడ్డులోకి వచ్చి నా కన్నంలో తాళంచెవి తిప్పి కిందికి దించే మీట నొక్కాడు. కింద కారుంటే దిగనివ్వని కన్ను ఒకటి నాకుంది. ఎర్రదీపం వెలిగింది, కూత పెట్టాను. తమ్ముడి కారు అక్కడే ఉంది మరి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ కూత. నేనేం చెయ్యను? ఒక కారుని ఇంకో కారు మీద కూలబెట్టనా?

అలవాటుగా దగ్గాడు. అంతలోనే నాలిక కరుచుకున్నాడు గానీ, వకుళ అప్పటికే వచ్చేసింది. తాళంచెవి చేతిలోనే ఉంది. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఏంలేదు," అన్నాడు భీమశంకరం గోడవైపు చూస్తూ. "బ్యాటరీ డౌనయిందేమో చూద్దామని."

జరీ పంచె కట్టుకుని బ్యాటరీ చూసే మనిషిని మీరెక్కడైనా చూశారా? వకుళ మాత్రం నవ్వలేదు. పెద్ద మనసు ఆమెది.

"చూడాలండి బావగారూ. మూడు రోజులై తియ్యలేదుగా. నేను కారు తీస్తాను, అలా ఓ చుట్టు తిరిగి రండి. ఇంజను కూడా వేడెక్కుతుంది."

ఆయనకి దారి చూపించింది. పరువు పోకుండా, మాట తప్పినట్టు కాకుండా, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా. ఆయన తల ఊపబోయాడు, నేను చూశాను. వకుళ కారు తలుపు తెరిచి, ఆనందం పట్టలేక ఒక్క మాట అనేసింది.

"హైమ ఎంత పొంగిపోతుందో బావగారూ!"

అంతే. ఆయన మెడ బిగిసిపోయింది.

"ఎవరన్నారు నేను అక్కడికెడుతున్నానని? నేనడిగానా నిన్ను కారు తియ్యమని?"

"అది కాదండీ..."

"అక్కర్లేదు. అన్నం వేళకి పిలు."

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వకుళ కారు తలుపు మెల్లిగా మూసింది. మనసు మార్చుకుని వస్తాడని, తాళంచెవి కారుకే ఉంచి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, వంటింట్లోంచి మాటిమాటికీ తొంగిచూసింది. సందు చివర ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. పిలిస్తే పలుకుతాయి. పిలవాలి కదా! పదకొండు దాటింది. పన్నెండయింది. పప్పు ఉడికిన వాసన వచ్చింది. ఆయన కంచంలో అప్పడం విరిగిన చప్పుడు మేడమీంచి నాదాకా వినిపించింది. ఛీ!

సాయంత్రం ఆయన షెడ్డులో ఉండగా హైమ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆయన తడుముకోలేదు.

"బయల్దేరానమ్మా! పంచె కూడా కట్టుకున్నాను. ఈ దిక్కుమాలిన లిఫ్టు మొరాయించింది. కారు దిగితేగా!"

నేనా? మొరాయించానా? బిగించిన నాటినుంచి ఒక్క పూట ఆగలేదు. గ్రీజు వెయ్యకపోయినా ఆగలేదు, చీమలు పట్టినా ఆగలేదు. అంత కారు నెత్తిన మోసి, చివరికి ఈయన అబద్ధం కూడా నేనే మొయ్యాలి! తుపుక్కున ఉమ్మే నోరు లేకపోయింది గానీ.

అవతల హైమ గొంతు మారిపోయింది. "బయల్దేరావా నాన్నా? నిజంగా?" అంటూ ఏడ్చేసింది. ఆ ఏడుపు విని ఒక్క క్షణం అనుకున్నాను, పోనీ, నింద నాకేం బరువు, మోద్దాంలే అని.

ఆదివారం నాడు కొత్త దంపతులు ఇంటికొచ్చారు. భీమశంకరం ఉత్సాహంగా వాళ్ళని సరాసరి షెడ్డులోకే తీసుకొచ్చాడు. కాశీ కారు బయటుంది. తన కారు దింపి, డిక్కీలోంచి చీర తీసి, "చూశావా, అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఇది దిగకపోబట్టి కానీ," అంటూ నా కాలు చేత్తో చరిచాడు.

దిగకపోయిన నేను ఇప్పుడే అందరి ముందూ వెన్నపూసలా దిగాను. ఆయనకా స్పృహే లేదు. ప్రభుదాసు చూపు నేలమీదికి తిప్పుకున్నాడు. హైమ చూపు తిప్పుకోలేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల, నా పనితీరు ఆమెకి తెలుసు.

"ఆ రోజు కింద బాబాయి కారుందా నాన్నా?"

"ఉంది."

"తాళంచెవి?"

ఆయన డిక్కీ మూశాడు.

"పిన్ని ఇంట్లోనే ఉంది కదా. తియ్యమని అడిగావా?"

భీమశంకరం దగ్గాడు. ఎవరూ పరిగెత్తుకు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ వకుళ కూడా కదల్లేదు.

హైమ చీర విప్పి చూసింది. బాగుందంది. మడత చెడకుండా మళ్ళీ కవర్లో పెట్టి, వెళ్ళి వకుళ చేతిలో ఉంచింది. "నువ్వు కట్టుకో పిన్నీ. నువ్వూ పెళ్ళికి రాలేకపోయావుగా." ఆ తరవాత భోంచేశారు, తాంబూలం తీసుకున్నారు, వెళ్ళారు. తండ్రి కాళ్ళకి దండం పెట్టింది కూడా. సాక్షి సంతకం ఎవరు పెట్టారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ వారంలోనే నన్ను పీకించెయ్యాలని నిర్ణయించాడు. పాడైన లిఫ్టు ఇంట్లో ఉంటే అరిష్టమని అందరికీ చెప్పాడు. పాడైందన్న మాటని నిలబెట్టుకోవాలంటే నేను ఉండకూడదు మరి. పాత ఇనుము కొనేవాళ్ళు వ్యాను వేసుకొచ్చారు. ఆ వేళకి ఆయన కారు బయటే ఉంది గానీ, నా కింద కాశీ కారుంది. అది తీస్తే గానీ నన్ను విప్పడానికి వీల్లేదు.

ఇంక దగ్గుతాడనుకున్నాను. దగ్గలేదు. వంటింటి గుమ్మం దాకా నడిచి, లోపలికి చూసి, మామూలు గొంతుతో అన్నాడు.

"అమ్మాయ్ వకుళా, కారు కాస్త బయటికి తీస్తావా?"

వకుళ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆయన్ని ఒకసారి చూసింది. "అలాగేనండి," అని తాళంచెవి తీసుకొచ్చి, కారు సందులో పెట్టి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యిమీద పాలు పొంగేలోపే అయిపోయింది అంతా.

నా కాళ్ళు నాలుగూ విప్పి వ్యానులో పడేస్తుంటే ఆయన దగ్గరుండి చూస్తూ నిలబడ్డాడు. నేనూ ఆయన్నే చూశాను. ఇంత చిన్న మాటా అది? నన్ను తీసుకెళ్ళి పారేయించడానికి అంత తేలిగ్గా వచ్చిందే, కూతురు చోటు ఖాళీగా అట్టిపెట్టుకుని ఎదురుచూసిన రోజున ఎక్కడ చచ్చింది?