బాదం పొట్టు కషాయం

“గిది తాగినంక పానం మీదికొస్తే ఎట్లనే?” అంటూ కాశమ్మ గిన్నెను వెనక్కి లాక్కుంది.

చార్మినార్ వెనక సందులోని మిఠాయి కార్ఖానా కోసం ఆమె ఇంట్లోనే బాదంపప్పులు నానబెట్టి పొట్టు తీసిస్తుంది. ఆ పొట్టు గుండెకు మంచిదని కాలేజీలో చెప్పారంటూ కూతురు శోభ దాన్ని మరిగించింది.

“గంత మంచిదైతే సేటు ఎందుకు పారేయమంటడే?”

“సేటుకు తెల్లటి పప్పే గావాలె. నువ్వూకె ఫికర్ జెయ్యకమ్మా!” అని శోభ తల్లి దగ్గర్నుంచి గిన్నె తీసుకుని, తండ్రి చేతికిచ్చి ట్యూషన్‌కు వెళ్లిపోయింది.

గుండె జబ్బున్న అంజన్న గటగటా తాగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అంతలో కరెంటు పోయింది. మసక వెలుతురులో ఆయన పెదవులు నల్లగా కనిపించాయి. గాలి లేకపోయినా చాటలోని ఎండు పొట్టు, పురుగులు కదిలినట్టు గలగలమంటోంది.

“ఏమయ్యా!” అని పిలిచింది కాశమ్మ. పలకలేదు. భుజం పట్టి కుదిపింది. ఒళ్లు చల్లగా తగిలింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. సందులో ఆటోల రొద కూడా వినిపించడం లేదు. తన చేతులతో ఒలిచిన పొట్టే మొగుణ్ని మింగిందనుకుని కూలబడిపోయింది.

చాలాసేపటికి అంజన్న కళ్లు తెరిచాడు. అప్పుడు గానీ ఆమె చెవులకు మళ్లీ ఆటోల రొద వినిపించలేదు.

“ఏందే నీ లొల్లి? నువ్వు పిలిచినప్పుడల్లా నేను పలుకుతనే ఉన్న గదా!”