రాతి మీది కోడలు

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో మా వదిన ఉన్నట్టుండి మా అన్నయ్య చిన్నప్పటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. ఏం పెడితే తినేవాడు కాదు, బళ్ళో ఎవరితో తన్నుకునేవాడు, చీకటంటే భయపడేవాడా. అన్నయ్య పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ అడగని మనిషి ఇప్పుడు ఫోన్ చేసి మరీ అడుగుతోంది.

"మా అన్నయ్య నీకు మొగుడు వదినా, కొడుకు కాదు. పాలు తాగనని ఎన్నేళ్ళు మారాం చేశాడో నీకెందుకు?" అన్నాను ఒకసారి.

"ఊరికేలేవే," అని పెట్టేసింది.

కొత్త సంవత్సరం వెళ్ళాక ఒక సాయంత్రం మా ఇంటికొచ్చింది. కాఫీ పోసి ఇచ్చాను. కప్పు సగం అయ్యాక, ముఖం బిగించే ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పింది. బెల్‌గ్రేడ్ వెళ్ళి డాక్టర్ని చూసి వచ్చిందట. రోజు కూడా ఖాయమైందట. కుట్లు మానేదాకా మా ఇంట్లో ఉండనిమ్మంది. తన మేడలో అయితే మెట్ల మీద అందరి కళ్ళూ పడతాయి.

ఈ వీదాకి నోరెక్కువని మా వాల్యెవో ఊరంతా నన్ను అనుకుంటారు. అబద్ధమేం కాదు.

"ఎవరు వదినా ఆ పుణ్యాత్ముడు?" అన్నాను.

"ఏ పుణ్యాత్ముడు?"

"'బుగ్గలు బిగించుకో దోబ్రిలా' అని నీతో అన్నవాడు. ఊరికే ఎవరైనా చెవుల పక్కన కోయించుకుంటారా? మందుల షాపాయనేనా? పోయిన నెల నీ సంచీ మోసుకుంటూ మీ గుమ్మం దాకా వచ్చాడటగా."

ఎప్పుడూ నా మాటకి ముందు నవ్వేది ఆవిడే. ఆ రోజు నవ్వలేదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. అన్నయ్య ఉన్నంతకాలం ఆ హక్కు బాగానే చెలాయించాను. ఆయన పోయాక ఆవిడకి మిగిలింది ఆ అర్ధమొగుడే. పిల్లలు లేరు. అందుకే ఆవిడ ముఖం మాడ్చుకుంటే నాకు గొంతులో ముద్ద దిగదు.

"సరే, తిట్టయినా తిట్టు, మాట్లాడు," అన్నాను.

అప్పుడు చెప్పింది. అది చెప్పేముందు సమాధి మీది రాయి సంగతి నేను చెప్పాలి. మా అన్నయ్య తిహోమిర్ నలభై ఒకటో ఏట గుండె ఆగి పోయాడు. మా దగ్గర మొగుడో పెళ్ళామో పోతే ఇద్దరికీ కలిపి ఒకటే నల్లరాయి నిలబెట్టి, ఇద్దరి బొమ్మలూ చెక్కిస్తారు. పోయినవాళ్ళ పేరు కింద రెండు సంవత్సరాలుంటాయి. ఉన్నవాళ్ళ పేరు కింద పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ పక్కన ఖాళీ. మా పిన్ని కొడుకు పెళ్ళిలో తీసిన ఫోటో ఇచ్చాం చెక్కేవాడికి. అందులో అన్నయ్య ఏదో అన్నాడు, వదిన పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వే రాతి మీద పడింది. అప్పుడామెకి ముప్ఫై ఎనిమిది. రాతి మీద ఇప్పటికీ అంతే. రాతి ముందు కొవ్వొత్తి వెలిగించే మనిషికి మాత్రం యాభై ఆరొచ్చాయి.

పోయినవాళ్ళ కోసం ఏడాదికి నాలుగు శనివారాలు వస్తాయి మాకు, పెద్దల శనివారాలు. చలికాలం ముందు వచ్చేదానికి నాకు జ్వరం తగిలి, వదిన ఒక్కతే వెళ్ళింది. రాయి కడిగింది. చక్కెరా అక్రోట్లూ కలిపిన ఉడికించిన గోధుమలు పెట్టింది. ఎర్ర ద్రాక్షసారా కాస్త మట్టిలో పోసింది. అన్నయ్యకి ఇష్టమని ఒక సిగరెట్టు వెలిగించి రాతి అంచున పెట్టింది. పక్క వరసలో కొత్త సమాధి. అక్కడున్న ముసలమ్మ లేచి వచ్చింది.

"వీదా, 'నీ కొడుకా చెల్లెమ్మా?' అని అడిగిందావిడ," అంది వదిన.

"ఎవరు?"

"మీ అన్నయ్య."

నవ్వేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను.

"నా బొమ్మ కూడా చూసింది, కింద సంవత్సరాలు లెక్కేసుకోలేదు. 'కోడలు బతికే ఉందన్నమాట. రాదా? మళ్ళీ పెళ్ళి చేసుకుందా? ఈకాలం పడుచులంతేలే, ఏడ్చేది కన్నతల్లే' అంది."

"నీకు నోరు లేదా? ఆయన నా మొగుడే ముసలిదానా అనలేకపోయావా?"

"ఆవిడకి చెవుడే. చెవి దగ్గర అరిస్తే గాని వినబడదు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. అంతమందిలో, నేను తల్లిని కాదు పెళ్ళాన్ని అని కేకలు పెట్టమంటావా? తలూపాను."

తలూపడంతో పోలేదు. ఆ ముసలమ్మ పేరు మిలుంకా. ఆ వేసవిలోనే కొడుకు పోయాడు. ప్రతి శనివారం వస్తుంది. వదిన కనబడగానే చెల్లెమ్మా అంటూ వచ్చి పక్కన కూర్చుంటుంది, ఫ్లాస్కులో కాఫీ పోసిస్తుంది, మనిద్దరిదీ ఒకటే కడుపుకోత అంటుంది. తన కొడుకు చిన్నప్పటి సంగతులు చెప్పి, నీవాడో, నీవాడెలా ఉండేవాడు అని అడుగుతుంది. మా అన్నయ్య పాలు తాగనన్న సంగతి వదినకి ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

"కన్నదాన్ని కాదు, పెంచినదాన్ని కాదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లినయ్యాను," అంది వదిన. "ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఆ ముసలమ్మ తప్పేం లేదనిపించింది. వీదా, రేపు నేను పోయి ఆయన పక్కన పడుకుంటే, 'ఎవరమ్మా మీరు' అంటాడు."

"మా అన్నయ్య పైనుంచి రోజూ చూస్తూనే ఉంటాడు. రోజూ చూసేవాడికి గుర్తుండదా?"

"చూస్తున్నాడంటే ఇంకా సిగ్గు."

ఆవిడ కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

"నాకే మగాడూ వద్దు," అంది కప్పు పక్కన పెట్టి. "ఆయన ముందు ఆయన పెళ్ళాంలా నిలబడాలి. అంతే."

ఆపరేషన్‌కి నేనే వెంట వెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ముఖం మీద పెన్నుతో గీతలు గీసేముందు, ఎలా కావాలనుకుంటున్నారు అని అడిగాడు. వదిన చేతిసంచీలోంచి, రాతి కోసం ఇచ్చిన ఆ ఫోటోనే తీసి ఇచ్చింది. పదేళ్ళయితే తీయగలనమ్మా, పద్దెనిమిదేళ్ళంటే నావల్ల కాదు అన్నాడు. ఆ పదే తియ్యి నాయనా అంది.

ఇంటికి తెచ్చుకున్నాక చూస్తే ముఖం ముఖంలా లేదు. ఉడికించిన బీట్‌రూట్ దుంపకి కళ్ళు పెట్టినట్టుంది. తల చుట్టూ కట్టు, చెవుల వెనక గొట్టాలు, రాత్రీ పగలూ దిండ్లకి చేరగిలి కూర్చోవడం. నమలకూడదు, వంగకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. నవ్వించకుండా ఉండటం నా చేతనైన పని కాదు. పక్కింటావిడ వచ్చి ఏమైందంటే మెట్ల మీంచి పడిందన్నాను. మర్నాడు పైఇంటావిడ వచ్చి, మీ వదినని ఎవరో మందుల షాపతను కొట్టాడట కదా అంది. అది చెప్పేసరికి వదిన రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని, "చంపకే, కుట్లు తెగుతాయి," అని మూలిగింది.

చలికాలపు పెద్దల శనివారం ఆ బాధల మధ్యే వచ్చింది. ఆవిణ్ణి వదిలి నేనూ వెళ్ళలేదు. వంటింటి కిటికీలో కొవ్వొత్తి వెలిగించాం. బయట మంచు పడుతోంది. వదిన దిండ్లలోంచి కిటికీ వైపు చూస్తూ, "మిలుంకా అవ్వ నాకోసం చూస్తూ ఉంటుంది," అంది. అన్నయ్య పేరెత్తలేదు.

వాపు మెల్లగా దిగింది. ఎరుపు నీలమై, నీలం పసుపై, ఒకనాటికి అంతా పోయింది. కింద నున్నటి ముఖం బయటికొచ్చింది. డాక్టరు మంచి పనివాడే, వంక పెట్టలేను. కానీ బుగ్గలకి స్పర్శ లేదు. సూప్ తాగుతుంటే కారి గడ్డం దాకా వచ్చినా తెలిసేది కాదు. "గిల్లు వదినని, పాత కసి తీర్చుకో," అంది ఒకసారి. గట్టిగానే గిల్లాను. ఏమీ తెలియలేదంది. నెలలు పడుతుంది, అదే వస్తుంది అన్నాడు డాక్టరు.

ఆవిడ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోతుంటే నేను స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. నోటికి అటూ ఇటూ రెండు లోతైన గీతలుండేవి ఆవిడకి. అన్నయ్య పోయిన ఏడాదే పడ్డాయవి. అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, ఆ చలికాలమంతా ఎలా గడిపిందో నేను చూశాను. మా అన్నయ్య కోసం లోకంలో ఎవరి ముఖం మీదైనా గుర్తు ఉందంటే ఆ రెండు గీతలే. వాటిని కోసి చెత్తబుట్టలో పారేశారు. కళ్ళు కడుక్కుని బయటికొచ్చి, "పెళ్ళికూతురిలా ఉన్నావు వదినా," అన్నాను.

ఎండాకాలం మొదట్లో వచ్చే పెద్దల శనివారానికి ఇద్దరం బయల్దేరాం. జుట్టుకి రంగు వేయించుకుంది. పద్దెనిమిదేళ్ళుగా తలకి కట్టుకున్న నల్లరుమాలు తీసేసి, నీలం గౌను వేసుకుంది. శ్మశానంలో లిండెన్ చెట్లు పూసి ఘాటుగా వాసన కొడుతున్నాయి. ప్రతి రాయి దగ్గరా జనం, పళ్ళేలు, మైనం పొగ. వదిన రాయి కడిగి, సిగరెట్టు వెలిగించి అంచున పెట్టి, నిటారుగా నిలబడింది. ఈ ముఖం, ఆ ముఖం. అవే అని చెప్పను గాని, అక్కాచెల్లెళ్ళంటే నమ్మొచ్చు.

"తిహో, నేనే," అంది మెల్లగా. ఆ క్షణాన ఆవిడ సంతోషం చూసి, నేను ఇన్నాళ్ళూ లోపల గొణుక్కున్నదంతా వెనక్కి తీసుకున్నాను.

పక్క వరసలోంచి పొట్టి ముసలమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. చెవులు పోయినా కళ్ళు మాత్రం గద్దకళ్ళు. వదిన ముఖం చూసింది, రాతి మీద బొమ్మ చూసింది, మళ్ళీ ముఖం చూసింది.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అమ్మాయ్?" అంది చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో. నలుగురూ ఇటు తిరిగారు. "పాపం మీ అత్తగారు, గడ్డకట్టే చలిలో కూడా వచ్చి ఈ రాయి కడిగింది. నువ్వు ఒక్కనాడు వచ్చావా? ఒక్క పువ్వు తెచ్చావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. నా జన్మలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

ముసలమ్మ గొంతు తగ్గించింది. "చలికాలం నుంచీ కనబడటం లేదు ఆ తల్లి. ప్రతి శనివారం రెండు కప్పులు తెస్తున్నాను. ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

వదిన మాట్లాడలేదు. ముసలమ్మ ఆ మౌనాన్ని చూసింది. కర్ర మీద రెండు చేతులూ ఆనించింది.

"పోయిందా?"

నేనే ఆ మనిషిని అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అది చెవిలో అరిచి చెప్పాలి. ఇంతకాలం నీ పక్కన కూర్చుని నీ కాఫీ తాగి, కడుపుకోత అని నువ్వు ఏడుస్తుంటే నాకూ అంతే అని నేనాడింది అబద్ధమని, కొడుకుని మట్టిలో పెట్టిన తల్లి చెవిలో అరవాలి. వదిన వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టింది.

"పోయిందవ్వా."

ముసలమ్మ మూడు వేళ్ళు కలిపి శిలువ గుర్తు వేసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకిక్కడ ఉన్నది ఆవిడొక్కతే. చెల్లెమ్మా అనేదాన్ని, పేరు కూడా అడగలేదు. పేరు లేకుండా ఆత్మకి దణ్ణం ఎలా పెట్టను? పేరేమిటి?"

"దోబ్రిలా."

"అది నీ పేరు కదటే. రాతి మీద ఉందిగా."

"ఇద్దరిదీ ఒకటే పేరవ్వా."

ముసలమ్మ తన సంచీలోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి, వదిన బొమ్మ కింద మట్టిలో గుచ్చింది. పళ్ళెంలోంచి ఒక చెంచా గోధుమలు నోట్లో వేసుకుని, "దోబ్రిలా ఆత్మకి దేవుడు శాంతినివ్వాలి," అంది. మళ్ళీ చెంచా నింపి వదిన నోటి ముందు పెట్టింది. "తిను. కోడలివి, ఆవిడకింకెవరున్నారు?"

వదిన తింది.

"వచ్చే శనివారం నేనొస్తానవ్వా. మీ పక్కన కూర్చుంటాను," అంది చెవిలో.

ముసలమ్మ వదిన చెయ్యి తట్టింది, కోపం లేకుండా. "నీకెందుకమ్మాయ్ ఈ మట్టి? పడుచుదానివి. ఎవణ్ణయినా చూసుకో. మా ఇద్దరి మాటలూ వేరు, అవి నీకర్థం కావు." కర్ర తాటించుకుంటూ వెళ్ళి, కొడుకు సమాధి మీద రెండో కప్పు బోర్లించి పెట్టింది.

వదిన అక్కడే నిలబడి ఉంది. రాతి మీద బొమ్మ నవ్వుతోంది, దాని కింద కొవ్వొత్తి మండుతోంది. ఆ నున్నటి ముఖంలో ఏ మార్పూ లేదు, రెండు బుగ్గల మీదా నీళ్ళు ధారగా కారి గౌను మెడ తడిపేస్తున్నాయి. తుడుచుకోదేం అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నా రుమాలు తీసి ఒత్తాను.

"ఏమిటే? సూప్ తాగలేదుగా," అంది.

"ఏడుస్తున్నావు వదినా."

"నేనా?" అంది.