చక్రంలో గొంతు

పొద్దున తొమ్మిదింటికి, మొదటి షిఫ్టు వాళ్లు బొగ్గు బాయిలోకి దిగిపోయి రోడ్డు కాస్త ఖాళీ అయ్యాక, సదయ్య కర్ర పట్టుకుని గోదావరిఖని మెయిన్ రోడ్డు మీదున్న రాజం మెకానిక్ షెడ్డుకు వస్తాడు. కర్ర చివర ఇనుప పొన్ను ఉంటుంది. ముప్పై ఏళ్లు భూమి లోపల బొగ్గు పైకప్పును ఆ కర్రతోనే కొట్టి చూశాడు. ఖంగుమంటే కింద మనుషులు పని చెయ్యొచ్చు. డొల్లగా పలికితే అందరూ వెనక్కి రావాలి. ఉద్యోగం దిగిపోయాక అదే కర్రతో కార్లను కొట్టి చూస్తున్నాడు.

కొట్టిన చోటల్లా, ఆ భాగం బిగించినవాళ్ల గొంతో, చూసి పాస్ చేసినవాళ్ల గొంతో బయటికొస్తుంది. ఒక్కోసారి మరాఠీ, ఒక్కోసారి తమిళం, ఒక్కోసారి మాటలేమీ లేని ఉత్త ఊపిరి. అందుకే పాత కారు కొనబోయేవాళ్లు కాగితాలు రాజంకు చూపించి బండిని సదయ్యకు చూపిస్తారు.

"ఎనుకటి బండ్లే బండ్లు, కాకా," అనేవాడు రాజం, చేతులకు అంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ. "రేకు గింత మందం. ఇప్పటియి బొటనేలుతోని ఒత్తితె సొట్ట వోతున్నయ్."

"కొత్తవి పెట్రోలు తక్కువ తాగుతాయయ్యా. చలికాలం పొద్దున కూడా ఒక్క తాళానికే లేస్తాయి," అనేవారు వామనరావు. మంథనిలో లెక్కల మాస్టారు ఆయన. తన కారును ఏడాదికోసారి సదయ్య దగ్గరికి తెచ్చి, పంచె సర్దుకుని పక్కన నిలబడేవారు.

సదయ్య గేరుబాక్సు మీద కొట్టేవాడు. లోపల ఎవరో దగ్గేవాడు.

"మందం కాదు, పల్చన కాదు. బిగించేటప్పుడు మనిషి మనసు ఏడున్నది? గది జూడాలె. ఈయన జరంతోని పనికొచ్చిండు సార్. అయినా ఒక్క నట్టు ఇడువలేదు. మంచి బండి."

బాయి కార్మికుల సమ్మె ముగిసిన మరుసటి యేడు దసరాకు సదయ్య కొడుకు వీరేందర్ కొత్త తెల్లకారులో ఇంటికొచ్చాడు. మహారాష్ట్రలో ఒక కార్ల ఫ్యాక్టరీలో తయారైన బండ్లను ఆఖరున తనిఖీ చేసే పని అతనిది. అతను సంతకం పెడితేనే బండి గేటు దాటుతుంది. పండుగ పూట బాయిలన్నీ బంద్. ఓపెన్ కాస్టు గనుల పేలుళ్లు కూడా లేకపోవడంతో ఊరు చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది.

మందమర్రిలో ఉన్న సదయ్య కూతురు దీప ఇంటికి అందరూ కారులో వెళ్లాలనుకున్నారు. సదయ్య అక్క సారవ్వ బంతిపూల దండ కట్టి తెచ్చింది. ఆమె భర్త ఎల్లేశం పద్దెనిమిదేళ్ల కింద బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అప్పట్నుంచి ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది.

సదయ్య కర్ర తీశాడు.

"బాపూ, దీన్ని గూడ కొడ్తవా? షోరూంకెల్లి తెచ్చిన బండి," అన్నాడు వీరేందర్, బానెట్టుకు అడ్డంగా జరుగుతూ.

"నా కొడుకు పాస్ చేసిన బండి. అందరికంటె ముందుగాల దీన్నే కొట్టాలె."

బానెట్టు మీద కొడితే ఒక ఆడమనిషి కూనిరాగం వినిపించింది. డోరు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నవ్వుకుంటున్నారు. సదయ్య మీసం కింద నవ్వుతూ ముందు చక్రం దగ్గర వంగి కొట్టాడు.

డొల్లగా మోగింది.

మొదట హిందీలో ఎవరో తొందరపెడుతున్న గొంతు, బండ్లు ఇవాళే గేటు దాటాలని. తర్వాత కాగితం చప్పుడు. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. అటుపైన తెలుగు, వీరేందర్ గొంతు. "బ్రేకు పైపు మెత్తగున్నది... ఏమైతదిలే. సరే. పోనియ్."

సారవ్వ చేతిలో దండ ఆగిపోయింది. ఆమె మేనల్లుడి వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూసింది.

"తమ్మీ, గిది నీ గొంతు లెక్కనే ఉన్నది గదా?"

నిజమే. పెళ్లయిన కొత్తలో సదయ్య గొంతు అచ్చం అలాగే ఉండేది. అతను కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. ఇప్పుడు కొడుకును తిట్టి తప్పించుకోవచ్చు. నోరు తెరిచాడు. వేరే మాట వచ్చింది.

"నా మాటనే అక్కా. ఆ దినం షిఫ్టు అయిపోవస్తున్నది. పైకప్పు కొట్టిన. డొల్లగ పలికింది. మల్ల కట్టె దిమ్మెలు తేవాలె, కప్పు కింద నిలవెట్టాలె, ఇంకో గంట. ఇంటికి పోవాలనిపిచ్చింది. ఏమైతదిలే అనుకున్న. 'సరే, పోనియ్' అన్న. బావ లోపటికి వోయిండు."

వీరేందర్ తండ్రి ముఖం చూడలేక నేల చూశాడు. ఎక్కడో వీధి చివర ఎవరో తమ బండి ముందు గుమ్మడికాయ పగలగొట్టారు. ఆ చప్పుడుకు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

సారవ్వ అడిగింది, తమ్ముణ్ణి కాదు, మేనల్లుణ్ణి.

"గసోంటి పైపులు ఎన్ని బండ్లకు వెట్టిండ్రు బిడ్డా?"

"నూట పన్నెండు అత్తా."

"నూట పన్నెండు ఇండ్లల్ల ఇయ్యాల పూజ చేస్తుండ్రు. దండలేస్తుండ్రు. పిల్లలను ఎక్కిచ్చుకుంటుండ్రు." ఆమె కట్టిన దండను కారుకు వెయ్యకుండా మడిచి కొంగులో పెట్టుకుంది. "ఏం చేస్తవ్?"

వీరేందర్ చక్రం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఆపుత అత్తా. నేనే ఆపుత. ఎవ్వలు ఎక్కకుండ్రి," అని చక్రంలోకి మళ్లీ మళ్లీ బతిమాలాడు, అక్కడ నూట పన్నెండు కుటుంబాలూ నిలబడి ఉన్నట్టు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. కారును అక్కడే వదిలేసి బస్సెక్కాడు.

ఎనిమిదో రోజున తిరిగొచ్చాడు, ఉద్యోగం లేకుండా. తను పోయేసరికే ఫ్యాక్టరీలో ఫోన్లు ఆగడం లేదట. నాసిక్ నుంచి, కాన్పూర్ నుంచి, ఇంకా ఎక్కడెక్కణ్ణించో. పండుగనాడు పన్నెండున్నరకు వాళ్ల కారు ముందు చక్రంలోంచి, వాళ్లకు తెలియని భాషలో, ఒక మగగొంతు మళ్లీ మళ్లీ బతిమాలిందట. మాట అర్థం కాకపోయినా ఎవ్వరూ ఎక్కలేదు. ఒకాయన అప్పటికే ఘాటు రోడ్డు మొదట్లో ఉన్నాడు. బండి పక్కన ఆపి, పిల్లల్ని దించి, చెప్పుల్లేకుండానే నడిచి వచ్చాడట. వీరేందర్ ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. నూట పన్నెండు బండ్లకూ పైపులు మార్చారు. రాసిచ్చినందుకు అతన్ని తీసేశారు.

మరుసటి రోజు నుంచి అతను రాజం షెడ్డులో పనికి కుదిరాడు.

ఇంట్లో మాత్రం సారవ్వ తమ్ముడితో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, కంచం జరిపేది, అంతే. సదయ్య కూడా క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగే మొహం తనకు లేదనుకున్నాడు. చలికాలం పోయింది. ఎండలు ముదిరాయి.

ఒక సాయంత్రం అతను గడపలో కూర్చుని ఉంటే ఆమె వెనక నుంచి వచ్చి నిలబడింది.

"లోపటికి వొయ్యేటప్పుడు ఆయన ఏమన్నడు?"

సదయ్య వీధి వైపు చూస్తూనే చెప్పాడు.

"'నా బామ్మర్ది కొట్టి చూసిండు, ఇగ ఫికరేంది' అన్నడు అక్కా. నవ్విండు."

వీధిలో మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు పోతున్నారు. వాళ్లందరూ దాటిపోయి వీధి మళ్లీ ఖాళీ అయ్యాక, సారవ్వ మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, తమ్ముడి పక్కన గడపలో కూర్చుంది.