సింహాచలం వేలిముద్ర

రిటైరై ఆరేళ్లయినా ఆ సంగతి లాజరస్ కాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. టాస్మేనియాలో, జీహాన్ ఊరి అవతల అడవిలో పాత రైలుదారి కనపడగానే ముసలాయన అడుగులు స్లీపరు స్లీపరుకీ కొలిచినట్టు పడటం మొదలెట్టాయి. చోద్యమేమిటంటే అక్కడ స్లీపర్లూ లేవు, పట్టాలూ లేవు. ఎప్పుడో వెండి గనుల కోసం వేసిన నారోగేజి లైను. గనులు మూతపడ్డాక ఇనుమంతా ఊడబెరికి పట్టుకుపోయారు. చెట్ల మధ్య సన్నటి కట్ట, దారిలో ఒక పొట్టి సొరంగం, అంతే మిగిలాయి.

"పట్టాల మధ్య ఎడం రెండడుగులేటమ్మా ఇది! మన నౌపడా లైను కన్నా అరడుగు సన్నం," అన్నాడు మనవరాలితో, గర్వంగా.

నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్నరైలు లైను మీద ఆయన కీమేన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టా పొడుగునా నడవడం, వదులైన చోట పట్టాని పట్టి ఉంచే ఇనుప కీలు బిగించడం, అదీ ఉద్యోగం. తొమ్మిదేళ్ల షారన్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. "రేస్ యూ, తాతయ్యా!" అని సొరంగంలోకి పరుగు తీసింది.

లాజరస్ నవ్వుకుంటూ వెనకాలే నడిచాడు. వంద అడుగులు వేస్తే అవతల వెలుగు. బయటికొచ్చి చూస్తే పిల్ల లేదు.

"షారనూ! ఆటలాడకే తల్లీ, వాన వస్తంది!"

చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. కూతురు మరియరాణి, కారు దగ్గర నుంచి.

"నాన్నా, షారన్ నీ పక్కనే ఉందా? వెదర్ బాగా లేదు. మేం టౌన్‌కెళ్లి పెట్రోల్ కొట్టించుకుని గంటలో వచ్చేస్తాం, ఓకేనా?"

లేదని చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. కానీ పిల్లని చేతిలో పెడుతూ "నాన్నా, జాగ్రత్త" అని మూడుసార్లు చెప్పింది కదా. రెండు నిమిషాల్లో దొరికేదానికి రాద్ధాంతం ఎందుకు?

"ఉందమ్మా. నా పక్కనే ఉంది."

ఫోను పెట్టేశాడు. పెట్టేసిన మరుక్షణం వినపడింది. ఠంగ్. ఠంగ్. కాస్త ఆగి, మళ్లీ ఠంగ్.

పట్టా మీద సుత్తి దెబ్బ. ముప్పయ్యేళ్లు విన్న చెవి పొరబడదు. పట్టా లేని అడవిలో, సొరంగం వెనక నుంచి ఎవరో పట్టాని కొడుతున్నారు.

ఆ కొట్టుడు సింహాచలానిది. నౌపడా లైను మీద పక్క బీటు కీమేను. వానాకాలం పేట్రోలింగులో ఇద్దరూ చెరో వైపు నుంచి నడిచొచ్చి హద్దురాయి దగ్గర కలవాలి, బుక్కులు మార్చుకోవాలి, ఒకరి బుక్కులో ఒకరు సంతకం పెట్టి వెనక్కి తిరగాలి. సింహాచలానికి చదువు రాదు, వేలిముద్ర వేసేవాడు. ఒక తుఫాను రోజున అతను రాలేదు. లాజరస్ పావుగంట చూశాడు. తడిసి ముద్దయ్యాడు. ఒక్కరోజుకి ఏమవుద్దిలే అనుకుని, సింహాచలం వేలిముద్ర పడాల్సిన చోట తన బొటనవేలే వేసి ఇంటికి పోయాడు.

బుక్కు ప్రకారం సింహాచలం వచ్చాడు, కలిశాడు, డ్యూటీ ముగించాడు. తుఫానుకి బళ్లూ ఆపేశారు. ఇంక లైను మీద వెతికే నాథుడెవడు? తాగి ఎక్కడో పడుంటాడని కల్లుపాకలన్నీ గాలించారు. మూడో రోజున కల్వర్టు కింద, వరదకి కుంగి వేలాడుతున్న పట్టా దగ్గర, రాళ్ల మధ్య శవం దొరికింది. వరద ఊపుకి ఒక్క క్షణంలో పోయుంటాడని అందరూ అన్నారు. పాపం, ఆ ఒక్క మాటనే పట్టుకుని లాజరస్ ఇన్నేళ్లూ బతికాడు.

ఠంగ్. ఠంగ్.

"ఓరి దేవుడా, మళ్లీ అదే పని చేశాన్రా!" అని గట్టిగా అరిచాడు. కూతురికి ఫోను నొక్కాడు. సిగ్నలు ఒక్క గీతే ఉంది. మోగింది, మోగింది, చివరికి ఎత్తింది.

"పిల్ల కనపడ్డంలేదమ్మా. నా పక్కన లేదు. అబద్ధమాడేను."

అవతల కారు ఆగిన చప్పుడు, మరియరాణి ఏడుపు, అల్లుడు విలియం కేకలు. "కదలకండి మామయ్యా, రోప్ తీసుకుని వచ్చేస్తున్నాం!"

వాళ్లు పరుగున వచ్చేసరికి వాన దంచికొడుతోంది. "ఆ సుత్తి సప్పుడు ఇనండి, అటే, అటే," అని లాజరస్ సొరంగం పక్క నుంచి పొదల్లోకి దారి తీశాడు. భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. వాళ్లకి ఏ చప్పుడూ వినపడటం లేదు. అయినా వెంట నడిచారు. పొదల కింద గనివాళ్లు తవ్వి వదిలేసిన గొయ్యి. అడుగున, ఛాతీ దాకా నీళ్లలో షారన్. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. విలియం తాడు కట్టుకుని దిగి పిల్లని పైకి తెచ్చాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ గొయ్యి నిండిపోయేది.

మరియరాణి కూతుర్ని తన జాకెట్‌లో చుట్టి గుండెకి అదుముకుంది. తండ్రి వైపు చూడలేదు. చూడకపోవడమే న్యాయమనిపించింది లాజరస్‌కి. సుత్తి చప్పుడు ఎప్పుడాగిందో ఆయన గమనించనేలేదు.

షారన్ వణుకుతూనే అటూ ఇటూ చూసింది. "ఆ అంకుల్ ఏడి?" అంది ఇంగ్లీషులో.

"ఏ అంకులమ్మా?"

"గొయ్యి అంచు మీద కూర్చున్నాడు కదా, తాతయ్యా. అచ్చం నీలాగే తెలుగు మాట్లాడతాడు. నాకు భయమేస్తే, 'భయపడకు, మీ తాత ఈసారి నిజం చెప్పేశాడు, వస్తారు' అన్నాడు."

"ఇంకేటన్నాడు?"

"తనూ ఇలాగే పడిపోయాడంట. రెండు రోజులు పట్టా మీద కొడుతూనే ఉన్నాడంట. ఎవరూ రాలేదంట."

"రెండు రోజులా?" అన్నాడు లాజరస్.

పిల్ల తల ఊపింది.