చెరువులో చందువా

కారంపూడి దగ్గర ఓ ఊరికి పున్నారావు సర్పంచి. ఊరి చెరువులో బోటు షికారు, గాలాల పోటీ పెట్టించి పేరు తెచ్చుకోవాలని ఆయన ఆశ. నీళ్ళ మీద గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంటే, ప్రారంభోత్సవానికి చెరువు శుభ్రంగా కనిపించాలని కలుపు మందు కొట్టించాడు. డెక్క మాడిపోయింది. దాంతోపాటు చేపలూ చచ్చి తేలాయి. వాటిని గుట్టుగా పూడ్పించేశాడు.

మరి అతిథిగా వచ్చే ఆఫీసరు గాలానికి ఏం పడాలి? బామ్మర్ది సాంబయ్యను నరసరావుపేట మార్కెట్టుకు పంపాడు. సాంబయ్య రెల్లుపొదల చాటున నీళ్ళలో దిగి, తెచ్చిన చేపను ఆఫీసరు గాలానికి తగిలించాడు.

ఆఫీసరు లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. పైకొచ్చింది చందువా! పున్నారావు రెల్లుపొదల వైపు కొరకొరా చూశాడు.

"ఇది సముద్రపు చేప కదండీ?" అన్నాడు ఆఫీసరు.

"మా నీళ్ళు అంత మంచియి సార్. యాడాడి చేపలో వస్తన్నయి."

ఆఫీసరు పొంగిపోయాడు. "అయితే టీవీ వాళ్ళ కెమెరా ముందు ఓ గ్లాసు తాగి చూపించండి."

గ్లాసు చేతికొచ్చింది. మందు వాసన గుప్పుమంది.

"ఇయ్యాళ ఉపవాసం సార్. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

"ఉపవాసమేంది? పొద్దున ఆరు ఇడ్లీలు తింటివిగా!" అంది పక్కనున్న భార్య శేషారత్నం.

జనం గొల్లుమన్నారు. పున్నారావు తల దించుకున్నాడు. "మందు కొట్టించా సార్. చేపలన్నీ చచ్చినయి."

ఆఫీసరు కెమెరా ఆపించి, చందువాను సంచిలో వేయించుకుని జీపెక్కాడు. సాయంత్రం టీవీలో చెరువు ఆరోగ్యం బ్రహ్మాండమని చెప్పాడు. పున్నారావు మాత్రం మర్నాటి నుంచి తన గేదెల్ని అటువైపు తోలనివ్వలేదు.