చివర్న సున్నా

నా కోడలిని గేటు బయటికి గెంటేసినప్పుడు ఆమె చేతిలో పళ్లరసం సీసా ఉంది. సాక్ష్యం కదా, వదల్లేదు.

ఆ ఫ్యాక్టరీలోనే నేను పదమూడేళ్లు సీసాలు కడిగాను. నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆ సీసాల మీదివి కూడబలుక్కునే. కోడలిది చూపు పని. వెలిగే అద్దం ముందు కూర్చుని, సాగిపోయే సీసాల్లో నలుసు కనబడితే తీసెయ్యాలి. ఆ రోజు సీసాల్లో కడగడానికి వాడే సోడాకారం వాసన కొట్టింది. ప్రభుత్వంతో ఒప్పందమట, ఉత్పత్తి రెట్టింపట. అందుకని సీసాలను రెండోసారి కడగడం మానేశారు. ఆమె ఎర్ర బటన్ నొక్కి లైను ఆపింది. మేనేజరు ఆమె పని ఊడబీకాడు.

"వేరే ఊళ్లో పని చూసుకోవాలి అత్తా."

నా మొగుడూ కొడుకూ అలా బస్సెక్కినవాళ్లే, తిరిగి రాలేదు.

"మేనేజరు కాళ్లు పట్టుకుందామే!"

"పట్టుకుంటే? ఆ సీసాలు పిల్లలు తాగరా?"

మర్నాడు గేటు ముందు వేదిక, పెద్ద బ్యానరు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు చదవమంటే కూడబలుక్కున్నాను: "ఆర్థిక వృద్ధికి ప్రభుత్వ, పరిశ్రమల భాగస్వామ్యం."

"భాగమా? అయితే మనకీ ఉన్నట్టే!" అంది మూతల మిషను పిల్ల.

కడుగుడు సెక్షన్ అక్క పకపకా నవ్వింది. "నీ మొహం! భాగం కంపెనీది. స్వామి మంత్రి. చివర్న సున్నా ఉందే, అదీ మనది!"

మంత్రి గంటసేపు వృద్ధి గురించి ఊదరగొట్టాడు. కోడలు తిన్నగా వెళ్లి సీసా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"తాగండి సార్."

వాసన చూశాడు. "నాకు షుగరమ్మా."

"మేనేజరు గారూ, మీరు?"

మేనేజరుకి అప్పటికప్పుడు గొంతు నొప్పి వచ్చింది. యజమాని మోగని ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఇంత పెద్ద భాగస్వాములు, ఒక్క గుక్కకి ముగ్గురూ ముఖాలు తిప్పుకున్నారు.

పోలీసులు కోడలిని వ్యానులోకి తోశారు. ఫ్యాక్టరీ లోపల పనిలో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎర్ర బటన్లు నొక్కారు. లైన్లు ఆగాయి. ఆడవాళ్లంతా బయటికొచ్చి వ్యాను చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. వెనక చక్రం దగ్గర మాత్రం ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. "అటు లాగించు, వాళ్లే పక్కకి జరుగుతారు!" అని డ్రైవరు మీద అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంటికెళ్లు అత్తా!" కిటికీ ఊచల్లోంచి కోడలు.

వెళ్లే బండికి చెయ్యూపడం తప్ప ఇన్నేళ్లూ నేనేం చేశాను? వెళ్లి ఆ సందులో చతికిలబడ్డాను.

"చదువు చెల్లీ, ఇప్పుడేముంది?" అంది అక్క, నా చెయ్యి పట్టుకుని.

"సున్నా," అన్నాను. "ఎక్కడా సందు లేదు."